మెదడులోనూ గూడ్స్ బండ్లే

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తెలుగువాళ్లకు రైల్వే గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సరుకు తయారైతే సరిపోదు, చేరాల్సిన చోటికి చేరితేనే దానికి విలువ అని రైలు పట్టాల పక్కన పెరిగిన పిల్లలకూ తెలుసు. తలలో ఉన్న మెదడూ ఇదే సూత్రం మీద నడుస్తోందంటే ఆశ్చర్యమే.

మెదడు అనగానే నాడీకణాలే గుర్తొస్తాయి. వాటికి అండగా ఉండే గ్లియల్ కణాలను చాలాకాలం ఉత్త జిగురుగానే లెక్కగట్టారు. నిజానికి వాటిలో ఆలిగోడెండ్రోసైట్ అనే రకం చేసే పని తక్కువదేమీ కాదు. కరెంటు తీగకు తొడుగులా నాడీతంతువుల చుట్టూ మైలిన్ పొర చుట్టేది అదే. ఒక్కో కణం పదుల సంఖ్యలో తొడుగులు వేస్తుంది.

చిక్కల్లా ఈ పొరలను అంటించే మైలిన్ బేసిక్ ప్రొటీన్‌తోనే. అది ఎక్కడ తయారైతే అక్కడి పొరలకే అతుక్కుపోతుంది. కణం నడిబొడ్డున తయారుచేస్తే అక్కడే గందరగోళం. అందుకే కణం తెలివిగా ప్రొటీన్‌ను పంపదు, దాని నమూనా కాగితాన్ని పంపుతుంది. కరోనా టీకాలతో జనం నోళ్లలో నానిన ఎంఆర్ఎన్ఏ ఆ కాగితమే.

ఈ ఎంఆర్ఎన్ఏ మైలిన్ దగ్గరే పోగవుతోందని 1982లో డేవిడ్ కోల్మన్ బృందం చూపింది. 1993లో జాన్ కార్సన్ బృందం రంగు పూసిన ఎంఆర్ఎన్ఏను కణాల్లోకి ఎక్కించి, అది చిన్న చిన్న రేణువులుగా కదలడాన్ని కళ్లారా చూసింది. పట్టాలు మైక్రోట్యూబ్యూల్స్, ఇంజను కైనెసిన్. ఎంఆర్ఎన్ఏ కొసన ఉన్న చిరునామాను చదివేది హెచ్ఎన్ఆర్ఎన్‌పి ఎ2 అనే ప్రొటీన్. దారి పొడవునా సరుకుకు సీలు వేసే ఉంటుంది.

మరి సీలు విప్పేదెవరు? నాడీతంతువే. దాని స్పర్శతో ఫిన్ అనే ఎంజైమ్ మేల్కొని సీలు తీయిస్తుంది, ప్రొటీన్ అక్కడికక్కడే తయారవుతుంది. తంతువులో విద్యుత్ సంకేతాలు నడుస్తుంటే ఈ పని మరింత జోరందుకుంటుందని 2011లో తేలింది. అంటే వాడకంలో ఉన్న లైనుకే ముందుగా తొడుగు పడుతుందన్నమాట.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట కాదు. ఈ ప్రొటీన్ లేని 'షివరర్' ఎలుకలు వణుకుతూ అర్ధాయుష్షుతో పోతాయి. మనుషుల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ వస్తే మైలిన్ దెబ్బతిని చూపు మందగిస్తుంది, నడక తడబడుతుంది. ఇప్పుడున్న మందులు ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థ దాడిని అదుపు చేసేవే. పోయిన తొడుగును తిరిగి వేయించే మందు కోసం ఇంకా వెతుకులాటే. దాడిని ఆపడం సగం పనే. తెగిన లైనుకు సరుకు మళ్లీ చేర్చడమెలాగో తెలిస్తేనే మిగతా సగం పూర్తవుతుంది. జిగురని తీసిపారేసిన కణాలపై పరిశోధనకు ఖర్చెందుకని అడిగేవారికి జవాబు అదే.