గడప దాటినవాడు మనవాడు కాడా?

నరసరావుపేటకు దగ్గరలోని ఒక పల్లెలో కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక పెద్దావిడ ప్రభువునందు నిద్రించింది. ఆమెకు ఒక్కడే కొడుకు, స్కూలు మాస్టారు. చిన్నప్పుడు మందిరంలో డోలక్ వాయించేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకు భార్య జబ్బు చేసి చనిపోయింది. పరామర్శకు వెళ్లిన మనవాళ్లే, ఇంకాస్త విశ్వాసంతో ప్రార్థించి ఉంటే బతికేదని అతని మొహం మీదే అన్నారు. ఆ తరువాత అతను మందిరానికి రావడం మానేశాడు. నేను ఇంటికి వెళితే, "అయ్యగారూ, నేనిక నమ్మలేకపోతున్నాను. నమ్మినట్టు నటించడం నాకు చేతకాదు" అన్నాడు. నేను గంటసేపు వాదించి, రెండు కరపత్రాలు చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ ఏడాది సంఘ రిజిస్టరులో అతని పేరు కొట్టేశారు. నేను అడ్డు చెప్పలేదు.

తల్లి భూస్థాపనకు అందరం వెళ్లాం. పాటలు పాడాం, వాక్యం చెప్పాం, సమాధి మీద మట్టి వేశాం, ఇళ్లకు వచ్చేశాం. ఆ రాత్రి అతనింట్లో పడుకున్నది తోటి మాస్టార్లు. మర్నాడు అన్నం తెచ్చింది పక్కింటి ముస్లిం కుటుంబం. ఆదరణ కూడికకు వెళ్లిన రోజున అతను నన్ను వాకిట్లోకి తీసుకువెళ్లి ఒక్క మాట అడిగాడు: "అమ్మకు మీరంతా ఉన్నారు. నేను పోతే నన్ను మోసేదెవరు అయ్యగారూ?"

వేదాంత కళాశాలలో నాలుగేళ్లు చదివాను, ముప్పై ఏళ్లు పరిచర్య చేశాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

విశ్వాసం వదిలినవాడికి ఆదరణ ఎక్కడ దొరుకుతుందన్నది మనకు సంబంధించిన విషయం కాదని చాలామంది అనుకుంటారు. వెళ్లినవాడు వెళ్లాడు, అతని దారి అతను చూసుకుంటాడంటారు. పల్నాటి పల్లెల్లో ఆ మాట చెల్లదు. ఇక్కడ సంఘమంటే ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు. బిడ్డకు పేరు పెట్టేది సంఘం. సంబంధాలు కుదిర్చేది, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చునేది, చివరికి ఆరడుగుల చోటు ఇచ్చేది కూడా సంఘమే. నమ్మకం పోయినవాడికి దానితోపాటు ఇవన్నీ ఒక్కసారే పోతాయి.

ఇది ఇలా ఉండటానికి చరిత్ర ఉంది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరి పల్నాడులో పరిచర్య మొదలుపెట్టాడు. తరువాత నరసరావుపేట వైపు బాప్టిస్టుల పరిచర్య విస్తరించింది. దేశాన్ని కరువు పీడించిన ఆ కాలంలోనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలా వచ్చినవాళ్లు ఒంటరిగా రాలేదు. కుటుంబాలుగా, చుట్టరికాలుగా, పల్లెకు పల్లెగా వచ్చారు. ఊరు దూరంగా నిలబెట్టిన మాల మాదిగ పల్లెలకు, మీరు మావాళ్లు అని చెప్పిన మొదటి చోటు మందిరమే. చుట్టరికంతో వచ్చినవాళ్లకు సంఘం చుట్టరికమంత గట్టిదైంది. అది మన బలం. ఒకడు విడిపోయినప్పుడు అదే వాడిపాలిట శిక్ష అవుతోంది.

వెళ్లిపోయేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. దుఃఖంలో నమ్మకం కోల్పోయినవారున్నారు. చదువులో ప్రశ్నలు పుట్టి, వాటిని సంఘంలో అడిగితే నోరు మూయించగా వెళ్లినవారున్నారు. కాపరుల ధనాశ చూసి, మందిరంలో కూడా మాల మాదిగ తేడాలు చూసి మనసు విరిగినవారున్నారు. వేరే మతస్థులను పెళ్లాడి వెళ్లినవారున్నారు. కాగితాల ఒత్తిడికి వెళ్లినవారూ ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. దళిత క్రైస్తవులకు ఆ హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. ఒక పేరు రిజిస్టరులో, ఇంకో పేరు సర్టిఫికెట్టులో పెట్టుకుని బతికే కుటుంబాల వేదన కాపరులందరికీ తెలుసు.

ఈ విషయంలో మన గుంటూరు పేరుతోనే ఒక సుప్రీంకోర్టు తీర్పు ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీలో సీటు కోరిన ఒక విద్యార్థి క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు. వాళ్లు పూర్వం మాదిగ కులస్థులు. అతను శుద్ధి చేయించుకుని హిందూ మతంలోకి వెళ్లాడు. పుట్టుకతో హిందువు కాడన్న కారణంతో కాలేజీ సీటు రద్దు చేసింది. 1976లో సుప్రీంకోర్టు ఆ విద్యార్థి పక్షాన తీర్పు ఇచ్చింది. అటువంటివాడిని ఆ కులస్థులు తమవాడిగా అంగీకరిస్తే అతను ఆ కులస్థుడేనన్నది ఆ తీర్పు సారాంశం. 2015లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులోనూ, తిరిగి చేరినవాడిని ఆ సమాజం అంగీకరించిందా అన్నది కోర్టు ఒక షరతుగా చూసింది.

ఆ తీర్పు తప్పొప్పుల జోలికి నేను వెళ్లను. కానీ అందులోని ప్రశ్న నన్ను వదలదు. మనల్ని వదిలి వెళ్లినవాడిని, 'అక్కడివాళ్లు నిన్ను తమవాడంటున్నారా?' అని న్యాయస్థానం కూడా అడుగుతోంది. మనిషికి మనుషులు కావాలని చట్టానికి తెలుసు. మరి నిన్నటిదాకా మన బల్ల దగ్గర కూర్చున్నవాడి గురించి ఆ ప్రశ్న మనమెప్పుడైనా అడిగామా?

మన పల్నాటి బిడ్డ, వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా కవి జీవితం చూడండి. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుంటూరు లూథరన్ సంస్థలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. దళితుడని ఊరు ఆయనను సభల్లో అవమానించింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ కథలు రాస్తున్నాడని మతపెద్దలు ఆ కుటుంబాన్ని వెలివేశారని ఆయన జీవిత చరిత్రలో చదువుతాం. రెండు వైపులా తలుపులు మూసిన ఆ కవే తరువాత 'క్రీస్తు చరిత్ర' రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సంఘం తలుపు మూసినా క్రీస్తు ఆయన కలాన్ని వదలలేదు.

ఆయన కుమార్తె హేమలత, నాస్తికుడైన గోరా కుమారుడు లవణాన్ని పెళ్లాడింది. గోరా కూడా వెలి రుచి తెలిసినవాడే. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి ఆచారాలను కాదన్నందుకు ఇంటికి దూరమయ్యాడు. నాస్తిక భావాలు రాసినందుకు 1933లో కాకినాడలో కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన, భార్య సరస్వతి నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడకు మారింది. దేవుడు లేడని చెప్పే ఆ ఇంట్లో అన్ని కులాలవాళ్లూ ఒకే పంక్తిలో భోంచేశారు, కులం అడగకుండా పెళ్లిళ్లు చేశారు. ఆ ఇంటి కోడలైన హేమలత భర్తతో కలిసి స్టూవర్టుపురంలో, దొంగలన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేసింది. జోగినుల విముక్తి కోసం పాటుపడింది. 2008లో కన్నుమూసింది.

ఆమె అటు వెళ్లడానికి మన వెలివేతే కారణమని నేననను. మనిషి నిర్ణయాల వెనుక ఎన్నో ఉంటాయి. గోరా నాస్తికత్వాన్ని నేను ఒప్పుకోను. సృష్టికర్త ఉన్నాడని, క్రీస్తు సజీవుడని నమ్మి ప్రకటించేవాణ్ని. కానీ మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు ముందు (లూకా 10) నిలబడి ఆలోచిస్తే సిగ్గేస్తుంది. గాయపడినవాడిని యాజకుడూ లేవీయుడూ దాటిపోయారు, వేరే నమ్మకం కలవాడు నూనె పోసి కట్టు కట్టాడు. మా మాస్టారింట్లో ఆ రాత్రి పడుకున్నదెవరో, అన్నం తెచ్చిందెవరో గుర్తు చేసుకుంటే ఆ కథ యెరికో దారిలోది కాదు, మా పల్లెది.

"అయ్యగారూ, సంఘ క్రమశిక్షణ మాటేమిటి?" అని పెద్దలు అడుగుతారు. సబబైన ప్రశ్నే. సంఘం మాట కూడా విననివాడిని అన్యుడిగా, సుంకరిగా ఎంచమని ప్రభువు చెప్పాడు (మత్తయి 18:17). ఐతే ఆ మాట మనకు అందించిన మత్తయి ఎవరు? సుంకపు మెట్టు దగ్గర నుంచి ప్రభువు పిలిచినవాడు. అతని ఇంట్లోనే ప్రభువు సుంకరులతో భోజనానికి కూర్చున్నాడు (9:9-10). సుంకరిగా ఎంచడమంటే ఏమిటో ప్రభువు నడతను చూసే నేర్చుకోవాలి. అతను సంఘంలో ఓటు వేయకపోవచ్చు, బోధించకపోవచ్చు. కానీ మన అన్నానికి, మన భుజానికి అనర్హుడు కాడు. సహోదరుడని పేరు పెట్టుకుని జారత్వంలో, దోపిడిలో బతికేవాడితో భోజనం చేయవద్దని పౌలు రాశాడు (1 కొరింథీ 5:11). అది విశ్వాసి వేషం వేసుకున్నవాడి గురించి. నటించలేనని నిజాయితీగా చెప్పి వెళ్లినవాడి మీద ఆ వాక్యం ప్రయోగించడం సరికాదు.

ఆస్తి ఉన్న యువకుడు వెనుదిరిగి వెళ్లినప్పుడు ప్రభువు శపించలేదు. వెళ్లేముందు అతణ్ని చూసి ప్రేమించాడని మార్కు రాశాడు (10:21-22). పుట్టుగుడ్డివాణ్ని సమాజమందిరం నుంచి వెలివేశారని విని ప్రభువు అతణ్ని వెతికి కనుగొన్నాడు (యోహాను 9:35). ఇక తోమా సంగతి. తోటి శిష్యులు ప్రభువు లేచాడని చెబితే, చేతులతో తాకితే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తరువాత ప్రభువు ప్రత్యక్షమైనప్పుడు తోమా ఆ గదిలోనే ఉన్నాడు (యోహాను 20:26). ఆ ఎనిమిది రోజులూ పదిమంది అతణ్ని గెంటేయలేదు, అవిశ్వాసి అని పేరు కొట్టేయలేదు. గెంటేసి ఉంటే ప్రభువు వచ్చిన వేళ తోమా ఎక్కడుండేవాడు? కొందరికి ఆ ఎనిమిది రోజులు ఎనిమిదేళ్లు కావచ్చు, జీవితకాలమూ కావచ్చు. లెక్కపెట్టే పని మనది కాదు.

కాబట్టి కాపరులకు, సంఘ పెద్దలకు నా విన్నపం ఇది. వెళ్లిపోయినవారి పేర్లు రిజిస్టరులో కొట్టేసినా, దర్శించేవారి జాబితాలో ఉంచండి. వెళ్లినప్పుడు కరపత్రం కాక, వినే చెవి తీసుకువెళ్లండి. వారి జబ్బును, చావును దేవుని శిక్షగా ప్రసంగాల్లో ఉదాహరణ చేయవద్దు. వారి పిల్లల పెళ్లి సంబంధాలకు అడ్డుపడవద్దు. వారి ఇంట్లో విశ్వాసులుగా మిగిలిన తల్లినో భార్యనో తెగతెంపులు చేసుకోమని ఒత్తిడి చేయవద్దు. మన వల్ల గాయపడి వెళ్లి ఉంటే క్షమాపణ అడగండి. ఆ క్షమాపణ తిరిగి రప్పించే ఎర కాకూడదు. వారికి ఇంకోచోట, యూనియన్‌లోనో, స్నేహితుల్లోనో, వేరే మతస్థుల్లోనో తోడు దొరికితే అసూయపడక దేవునికి స్తోత్రం చెప్పండి. సమాధుల తోటలో చోటు గురించి, బతికి ఉండగానే వారికి మాట ఇవ్వండి.

మన పల్నాడు ప్రపంచానికి చాపకూడు చూపించిన నేల. ఎనిమిది వందల ఏళ్ల క్రితం బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని ఇప్పటికీ కారెంపూడిలో చెప్పుకుంటారు. ప్రభుబల్లను నమ్ముకున్న మనం అంతకంటే ఇరుకైన చాప పరిస్తే ఈ నేల నవ్వుతుంది.

పోయిన డిసెంబరులో ఆ మాస్టారింటికి వెళ్లాను. ఆ రోజు పేరు కొట్టేస్తుంటే నేను మౌనంగా కూర్చున్నానని చెప్పి క్షమించమన్నాను. "నీ ప్రశ్నకు జవాబు తెచ్చాను. మేం మోస్తాం. పాటలు వద్దంటే పాడం" అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చిన్నగా నవ్వి, "పాడండి అయ్యగారూ, అమ్మకిష్టమైనవే పాడండి. డోలక్ మాత్రం తాళం తెలిసినవాడి చేత వాయించండి" అన్నాడు.

సమాధుల తోటలో అతనికి చోటు ఇచ్చే విషయం మా కమిటీలో ఇంకా తేలలేదు. ఇద్దరు పెద్దలు ఒప్పుకోవడం లేదు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను. అతను మందిరానికి రాలేదు, వస్తానని కూడా అనలేదు. నేను ఆ ఇంటికి వెళ్తూనే ఉన్నాను.