రబ్బరుకి కిలోమీటర్లు తెలీవు

మన ఐటీ వాళ్ళ కార్లది విచిత్రమైన బతుకు. వారమంతా బెంగుళూరులోనో హైదరాబాదులోనో సెల్లారులో నిద్ర. పండగొస్తే మాత్రం ఒక్క దెబ్బకి వందల కిలోమీటర్లు. మా చిప్పగిరి వైపు వచ్చేవాళ్ళయితే గుత్తి దాకా హైవే మీద దూకించి, గుంతకల్లు మీదుగా ఊరికి. ఎండాకాలమైతే ఏసీ ఫుల్లు, లోపల ఐదుగురు.

బయల్దేరే ముందు ఏం చూస్తాం? టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు, ఫాస్టాగ్‌లో డబ్బులు. బానెట్ ఎత్తేవాడు పదిమందిలో ఒక్కడుంటే గొప్ప. అడిగితే, "ముప్ఫై వేలు కూడా తిరగలేదు, కొత్త బండే" అంటారు. కొని ఏడేళ్ళయ్యుంటుంది!

ఇంజనుకీ రేడియేటరుకీ మధ్యనుండే రబ్బరు పైపుల వయసు కిలోమీటర్లలో కాదు, ఏళ్ళలో లెక్కెయ్యాలని నా వాదన. కార్తీకంలో విజయదాసుల ఆరాధనకి వచ్చినా, మే నెలలో పెళ్ళికి వచ్చినా, లోపల తిరిగే కూలెంట్ 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చాలా కార్లలో దాదాపు 1 బార్ అదనపు ఒత్తిడి కూడా ఉంటుంది. పైగా కూలెంటూ, రెండు చివర్లా ఉన్న లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేసి, రబ్బరుని లోపల్నుంచి సన్నగా చీలుస్తాయి. పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ చీలికలు ఎక్కువగా క్లాంపుల దగ్గరే మొదలవుతాయి.

అందుకే ఇంజను పూర్తిగా చల్లారాక క్లాంపు పక్కన ఒకసారి, పైపు మధ్యలో ఒకసారి నొక్కి చూడండి. చివర్లు మెత్తగా తగిలినా, పైపు ఉబ్బినా, కట్టెలా గట్టిపడినా, క్లాంపు చుట్టూ ఎండిన కూలెంట్ మరకలున్నా మార్చెయ్యాల్సిందే. నాలుగేళ్ళు దాటిన పైపుల్ని ప్రతి సర్వీసుకీ చూడాలి.

"సర్వీసు సెంటర్లో చూస్తారు కదా" అంటారా? చెక్‌లిస్టులో టిక్కు పడటం వేరు, పైపు మీద చెయ్యి పడటం వేరు. రిలీజు ముందు రాత్రి టిక్కులు ఎలా పడతాయో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"పగిలినప్పుడు చూద్దాం" అనేవాళ్ళకి ఒక మాట. ఇప్పుడు చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు లేదు, దీపం ఒక్కటే. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సరు ఆవిరిలో ఉండిపోయి, ఆ దీపం కూడా ఆలస్యంగా వెలగొచ్చు. ఈలోపు హెడ్ గాస్కెట్ పోతుంది. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది. కంగారులో వేడి మీద మూత తీశామా, మొహం కాలుతుంది. చల్లారాక బోరు నీళ్ళు పోసుకుని ఇల్లు చేరొచ్చు గానీ, అవే ఉంచేస్తే గిన్నెలకి కట్టినట్టే రేడియేటరులోనూ గార కడుతుంది.

మార్చేటప్పుడు పైదీ కిందదీ కలిపి మార్పించండి, క్లాంపులతో సహా. అతుక్కుపోయిన పాత పైపుని మెలితిప్పి లాగితే రేడియేటరు మూతి విరుగుతుంది. నిలువునా కోసి తియ్యమనండి. తర్వాత కంపెనీ చెప్పిన కూలెంటే పోసి, లోపలి గాలి తీయించాలి. రెండ్రోజులు తిరిగాక మళ్ళీ ఒకసారి లీకు చూసుకోవాలి.

పగలని పైపుకి ఎవరూ చప్పట్లు కొట్టరు, పడిపోని సర్వరుకి కొట్టనట్టే. అయినా ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఇంతకీ మీ బండి పైపులు ఎప్పుడు మార్చారో చెప్పగలరా?