నానమ్మ మాత్రల డబ్బాకి మాటలొచ్చాయి

మా అమ్మ రోజుకి మూడు మాత్రలు వేసుకుంటుంది. పొద్దున బీపీకి, మధ్యాహ్నం భోజనానికి ముందు షుగరుకి, రాత్రి పడుకునే ముందు కొలెస్ట్రాల్‌కి. మూడూ తెల్లగా, గుండ్రంగా ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. అమ్మకి ఓ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోదానికి ఇంకా కాలేదు. కిందటేడు ఓ రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర అనుకుని బీపీ మాత్ర రెండోసారి వేసుకుంది. తెల్లవారుజామున బాత్రూమ్ గుమ్మం దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. అదృష్టం బాగుండి దెబ్బలేం తగల్లేదు. ‘ఇంక నా మాత్రలు నువ్వే తీసివ్వరా, నాకు తెలీట్లేదు’ అంది మర్నాడు. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగని మనిషి ఆ మాట అనేసరికి ప్రాణం చివుక్కుమంది. తీసివ్వడానికి నేను ఇంట్లో ఉండాలిగా! పేపరాఫీసు డ్యూటీ ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి అర్ధరాత్రవుతుంది.

ఏ వేళకి వేసుకోవాలో అమ్మకి గడియారంలా తెలుసు. చేతిలో ఉన్నది ఏ మాత్రో తెలియడమే కష్టం. ఆ ముక్కేదో డబ్బాయే చెబితే పోలా... అనిపించింది.

నేను చేసింది జర్నలిజం డిప్లొమా. ఎలక్ట్రానిక్స్‌లో నా అనుభవమల్లా చిన్నప్పుడు తెరిస్తే పాట పాడే గ్రీటింగ్ కార్డుని చింపి చూడ్డమే. అందులో ఉండేది యూఎం66 అనే ఐసీ. మూడు కాళ్లతో అచ్చం ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది. చిన్న సెల్లు, ఓ స్పీకరు తగిలిస్తే చాలు, పాడేస్తుంది. నంబరు చివర్లో అంకెలు మారితే పాట మారుతుంది. కాకపోతే ఫ్యాక్టరీలో ఏ పాట నేర్పితే బతుకంతా అదే పాట. నాకు కావలసింది మాట.

కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. ‘ఎంతసేపు మాట్లాడాలె అన్నా?’ అన్నాడు కొట్టతను, ఉపన్యాసానికి టైమడిగినట్టు. నాలుగైదు సెకన్లు చాలన్నాను. అగ్గిపెట్టెంత పచ్చటి బోర్డు చేతిలో పెట్టాడు. దాని పేరు ఐఎస్‌డీ1820. మైకు దానిమీదే ఉంటుంది. రికార్డు బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడి వదిలెయ్యడమే. ప్లే నొక్కితే మన మాట మనకే అప్పజెబుతుంది. రెండొందల లోపే అయింది.

దీని పనితనం గురించి చదివితే భలే ముచ్చటేసింది. కంప్యూటర్లలా గొంతుని ఒకట్లు, సున్నాల కింద మార్చదిది. కుళాయి దగ్గర వరుసగా పెట్టిన బిందెలు గుర్తుతెచ్చుకోండి. ఒకదాంట్లో సగం, ఒకదాంట్లో ముప్పాతిక, ఇంకోదాంట్లో అడుగున కాసిని నీళ్లు. అలా చిప్‌లోని ఒక్కో గదిలో ఒక్కో మట్టానికి విద్యుదావేశాన్ని నింపి పెడుతుంది. తిరిగి ఆ మట్టాల్నే వరుసగా చూసుకుంటూ పలుకుతుంది. కరెంటు తీసేసినా బిందెలు ఒలికిపోవు. అయితే బిందెల సంఖ్య మారదు కాబట్టి, ఎక్కువసేపు మాట్లాడించాలంటే వాటినే దూరం దూరంగా పేర్చాలి. బోర్డు మీది రెసిస్టర్ 100 కిలో ఓమ్‌లైతే 10 సెకన్లు వస్తుంది. 200 పెడితే 20 సెకన్లు... కానీ సెకనుకి 6400 సార్లు పట్టుకునే స్వరాన్ని అప్పుడు 3200 సార్లే పట్టుకుంటుంది. ‘స’, ‘ష’ లాంటివి ఎగిరిపోయి, దుప్పటి ముసుగేసుకుని మాట్లాడినట్టుంటుంది. చెవులు కూడా కాస్త మందగించిన వాళ్లకోసమైతే పదితోనే సరిపెట్టుకోవడం మేలు.

ముందు నా గొంతే పెట్టాను. అమ్మ విని, ‘తిడుతున్నట్టుందిరా’ అంది. దాంతో నాలుగేళ్ల మా పాపని పిలిచాం. దానికప్పటికి ‘ర’ తిరగదు. ‘నానమ్మా, ఇది లాత్లి మాత్ల. ఏసుకో’ అంది ముద్దుముద్దుగా. మిగతా రెండు మాత్రలకీ వేరే రంగు డబ్బాలు పెట్టి, బోర్డుని రాత్రి మాత్రల డబ్బా మూతకి అతికించాను. రెండు నెలలు ఇంట్లో పండగే. మాత్ర వేసుకున్నాక కూడా అమ్మ ఇంకో నాలుగుసార్లు నొక్కి వినేది.

ఆ బోర్డులో ఓ చెడ్డ గుణముంది. రికార్డు బటనూ, ప్లే బటనూ ఒకే సైజులో పక్కపక్కనే ఉంటాయి. ఓ రాత్రి అమ్మ చీకట్లో ఒకదానికి ఇంకోటి నొక్కింది. పలకట్లేదని ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంది. మర్నాడు నేను ప్లే నొక్కితే... వెనకాల టీవీ సీరియల్ సంగీతం, ముందు ‘ఇదేంటే, నోరు పడిపోయిందా దీనికి!’ అంటున్న అమ్మ గొంతు. కొత్తది రికార్డయితే పాతది పోయినట్టే. వెతికి తెచ్చుకోవడానికి ఇంకెక్కడా ఉండదు. అలాంటి బోర్డు ఎవరికైనా చేసిచ్చేటప్పుడు రికార్డు బటన్‌ని ముందు పీకెయ్యండి. నాకా బుద్ధి తర్వాతొచ్చింది.

ఇలాంటి తిప్పలు కొత్తవేం కాదు లెండి. 1890లో ఎడిసన్ మాట్లాడే బొమ్మలు అమ్మాడు. పొట్టలో బుల్లి ఫోనోగ్రాఫు, వీపున తిప్పడానికో పిడి. కొద్ది వారాలకే అమ్మకాలు ఆపేయాల్సి వచ్చింది.

రెండో డబ్బాకి డీఎఫ్‌ప్లేయర్ మినీ తెచ్చాను. వేలిగోరు కన్నా కాస్త పెద్దది. మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే గూడు, 3 వాట్ల యాంప్లిఫయరూ అందులోనే ఉంటాయి. ముందే రికార్డు చేసిన ఎంపీ3 ఫైళ్లని పలుకుతుంది తప్ప తనంతట తాను రికార్డు చేయదు. కాబట్టి చెరిగిపోయే భయం లేదు. దీన్ని ఆడించడానికి ఓ ఆర్డినో నానో, మూడు అరలకీ మూడు పెద్ద బటన్లు. రెండింటి మధ్యా మాటలు సెకనుకి 9600 బిట్ల వేగంతో ఒక తీగ మీద నడుస్తాయి. ఆ తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టండి. లేదంటే స్పీకర్లో జుయ్‌మని తుమ్మెద రొద. స్పీకరు తీగలు రెండూ వాటికి కేటాయించిన కాళ్లకే వెళ్లాలి. ఒకదాన్ని గ్రౌండ్‌కి కలిపారో, యాంప్లిఫయర్‌కి ముప్పే.

మొదట్లో 9 వోల్టుల చదరపు బ్యాటరీ పెట్టాను. ‘నా... నా... నా...’ అంటూ నత్తి! గొంతు పెద్దదైనప్పుడల్లా స్పీకరు గబుక్కున కరెంటు గుంజుతుంది, ఆ బ్యాటరీ అంత ఇవ్వలేదు, ఆర్డినో మళ్లీ మొదటికొస్తుంది. పాత ఫోన్ చార్జర్ పెట్టి, మాడ్యూల్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికిస్తే కుదురుకుంది. కొన్ని పవర్‌బ్యాంకులైతే ఇంత తక్కువ వాడకానికి ‘ఎవరూ లేరులే’ అనుకుని ఆగిపోతాయి. స్పీకర్ని బల్లమీద ఊరికే పెడితే దోమ పాటే వినిపిస్తుంది. పలక ముందుకి తోసిన గాలీ, వెనక్కి లాగిన గాలీ అంచుల మీదుగా కలిసి ఒకదాన్నొకటి మింగేస్తాయి. అదే స్పీకర్ని ఖాళీ కాఫీపొడి డబ్బా మూతికి బిగించి చూడండి. పక్క గదిలోకి వినిపిస్తుంది!

ఇక నన్ను నిజంగా భయపెట్టిన సంగతి. అన్నీ బిగించి, అమ్మకిచ్చే ముందు ఎందుకైనా మంచిదని పొద్దుటి బటన్ నొక్కాను. ‘ఇది రాత్రి మాత్ర’ అంది డబ్బా. చేతులు చల్లబడ్డాయి. ఫైళ్లకి 1, 2, 3 అని పేర్లు పెట్టినా, మామూలు ప్లే ఆదేశమిస్తే ఈ మాడ్యూల్ పేరు చూడదు. కార్డులోకి ఏది ముందు కాపీ అయితే అదే ఒకటోది. నేను రాత్రి ఫైలుని ముందు కాపీ చేశాను మరి. కార్డుని ఫార్మాట్ చేసి, ‘ఎంపీ3’ పేరుతో ఇంగ్లిషులో ఓ ఫోల్డర్ పెట్టి, అందులో 0001, 0002, 0003 అని నాలుగంకెల పేర్లిచ్చి, ఆ ఫోల్డర్లోంచి నంబరుతో పిలిచే ఆదేశం రాస్తేగానీ దారికి రాలేదు. ఆ తర్వాత ఒక్కో బటన్నీ ఇరవైసార్లు నొక్కాను. మా ఆవిడ చేత ఇంకో ఇరవై నొక్కించాను. పాటలకైతే వరస తప్పినా నష్టం లేదు, మాత్రలకి అలా కాదుగా. అరల్లో మాత్రలు నింపేటప్పుడు కూడా అంతే. ఆదివారం పూట డాక్టరు చీటీ పక్కన పెట్టుకుని ఇద్దరం చూస్తాం. ఏ అరలో ఏముందో డబ్బాకేం తెలుసు? మనం చెప్పమన్నదే చెబుతుంది.

అన్నట్టు, కొత్త డబ్బా కోసం పాపని మళ్లీ ఫోన్ ముందు కూచోబెట్టాం. ఈలోగా దానికి ఐదు నిండాయి. ‘నానమ్మా, ఇది రాత్రి మాత్ర. వేసుకో’ అని వార్తలు చదివినట్టు చదివేసింది. ఒక్క ‘ర’ కూడా తడబడలేదు. ‘లాత్లి మాత్ల అనవే’ అని బతిమాలాను. ‘అలా అనకూడదు నాన్నా, తప్పు. టీచర్ చెప్పింది’ అంది. ఇంకేం చేస్తాం, అదే పెట్టాం.

సెలవు రోజున ఇంట్లో ఉంటే రాత్రి తొమ్మిదిన్నరకి నాకూ వినిపిస్తుంది. బటన్ చప్పుడు, డబ్బా మాట, ఆ వెనకే అమ్మ, ‘ఆఁ... వేసుకుంటున్నానే తల్లీ, లాత్లి మాత్ల!’ అనడం. మంచమ్మీంచి పాప అరుస్తుంది... ‘రాత్రి మాత్ర నానమ్మా!’