చావుల లెక్క అడగని సంఘం ఎవరి పక్షం?

వెంబకోట్టై పేరు మనం వినేది బాణసంచా ఫ్యాక్టరీ పేలినప్పుడే. తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని ఈ ప్రాంతంలో 2024 ఫిబ్రవరి 17న రాముదేవన్‌పట్టి దగ్గర జరిగిన పేలుడులో 10 మంది చనిపోయారు. పత్రికలు రాశాయి, ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది. అవి జరగాల్సినవే. కానీ కూలివాడల్లో చప్పుడు లేకుండా వచ్చే చావు ఇంకొకటి ఉంది. అది క్షయ. దగ్గి దగ్గి, చిక్కి శల్యమై, చివరికి మంచం దిగలేక పోయిన మనిషి గురించి ఏ పత్రికా రాయదు. ఆసుపత్రి రిజిస్టరులో ఒక గడిలో ‘మృతి’ అని రాసి పేజీ తిప్పేస్తారు.

ఇది పరాయి ఊరి గోడు అనుకోవద్దు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నాయకర్లున్నారు, రెడ్లున్నారు, ఊరి మురికి ఎత్తే పని మోస్తున్న అరుంధతీయులున్నారు. మన మాదిగవాడల కష్టమే వారిదీ. పైగా దేశంలో ఏటా సుమారు 3 లక్షల మంది క్షయతో చనిపోతున్నారు. ఆ 3 లక్షల్లో మన జిల్లాల వాళ్లూ ఉన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎంతమందికి మందులిచ్చామో లెక్క చెప్పి, ఎవరు ఎప్పుడు ఎందుకు చనిపోయారో చెప్పని ఆరోగ్య పథకం పేదల పథకం కాదు. ఆ లెక్క అడగకుండా ప్రార్థన మాత్రమే చేసే సంఘం కూడా పేదల సంఘం కాదు.

ఇలా లెక్క అడిగి, కారణం వెతికి, పని తీరు మార్చే పద్ధతిని ఆపరేషనల్ రీసెర్చ్ అంటారు. పేరు పెద్దదే, పని మాత్రం మామూలుది. కొత్త మందు కనిపెట్టడం కాదు. ఉన్న మందు, ఉన్న నర్సు, ఉన్న ఆసుపత్రి ఉండి కూడా మనిషి ఎందుకు బతకడం లేదు? ఈ ప్రశ్నకు ఆ పథకం రిజిస్టర్లలోనే జవాబు వెతకాలి. చిన్న మార్పు చేసి చూడాలి. ఫలితం మళ్లీ లెక్కించాలి. అంతే.

ఈ పని మన దేశానికి కొత్త కాదు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక ప్రశ్న వేసింది: రోగిని నెలల తరబడి శానిటోరియంలో ఉంచాల్సిందేనా? కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. 1959లో వెలువడిన ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ వైద్యాన్ని మార్చేసింది. పడకలు దొరకని పేదలకు ఇంటి దగ్గరే వైద్యం అందే దారి తెరిచింది.

ఇంకొకటి వినండి. “జనానికి అవగాహన లేదు, అందుకే ఆసుపత్రికి రారు” అనే మాట అధికారుల నోట మనం రోజూ వింటాం. మన వేదికల మీద కూడా అదే మాట. బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ తరఫున బెనర్జీ, ఆండర్సన్ తుమకూరు జిల్లా గ్రామాల్లో ఇదే విషయం పరిశీలించి 1963లో ప్రచురించారు. కళ్లెలో క్రిములున్న రోగుల్లో సగం మంది అప్పటికే వైద్యం కోసం వెళ్లి వచ్చినవాళ్లే! వాళ్లలో చాలామందికి దొరికింది దగ్గు మందు సీసా. రోగి గుమ్మం దాకా వచ్చాడు, రోగాన్ని పట్టుకోలేకపోయింది ఆసుపత్రి. అయినా నింద రోగి మీదే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం ఇది అని అడిగిన శిష్యుల ధోరణి మనలో ఇంకా పోలేదు.

ఇక వెంబకోట్టై ఉన్న రాష్ట్రం ఈమధ్య చేసిన పని చూద్దాం. క్షయ చావుల్లో ఎక్కువ భాగం చికిత్స మొదలైన తొలి రెండు నెలల్లోనే జరుగుతాయి. అంటే రోగం తేలే రోజుకే ఆ మనిషి ప్రమాదంలో ఉన్నాడన్నమాట. అందరి చేతిలో ఒకే మాత్రల పొట్లం పెట్టి ఇంటికి పంపితే అతను దక్కడు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థతో కలిసి తమిళనాడు ప్రభుత్వం 2022లో ‘కాసనోయ్ ఇరప్పిల్లా తిట్టం’ మొదలుపెట్టింది. క్షయ మరణాలు లేని పథకం అని దాని అర్థం. రోగం తేలగానే సిబ్బంది కొన్నే విషయాలు చూస్తారు: ఎత్తుకు తగ్గ బరువు ఉందా, కాళ్లు వాచాయా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, ఆసరా లేకుండా నిలబడగలడా. దీనికి స్కానింగ్ అక్కర్లేదు, పెద్ద డాక్టరూ అక్కర్లేదు. ప్రమాదం కనిపిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్పిస్తారు. తొలి దశ మరణాలు కొద్ది నెలల్లోనే ఐదో వంతు దాకా తగ్గాయని పథకం నడిపినవాళ్లు ప్రకటించారు. తూకం యంత్రం, వేలికి పెట్టే చిన్న పరికరం, ఒక ఫోను – చాలావరకు వీటితోనే!

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, డబ్బు లేదని. తూకం యంత్రానికి డబ్బు లేని ప్రభుత్వం పథకం ప్రచార బోర్డులకు ఎక్కడి నుంచి తెస్తోంది? రెండోది, చావులు చూపిస్తే మెమోలు వస్తాయని. ఇది నిజమైన భయమే. అందుకే లెక్క దిద్దుకోవడానికే తప్ప కింది ఉద్యోగిని శిక్షించడానికి వాడకూడదని మనమే గట్టిగా అడగాలి. ఏఎన్ఎంని బెదిరిస్తే ఆమె చావును దాస్తుంది, దాచిన చావు రేపు ఇంకొకరిని తీసుకుపోతుంది. మూడోది మనవాళ్లదే – దేవుడు చూసుకుంటాడని. తప్పిపోయిన ఒక్క గొర్రె సంగతి ఆ కాపరికి ఎలా తెలిసింది? మందను లెక్కపెట్టాడు కాబట్టి తెలిసింది. లెక్కపెట్టనివాడికి తొంభై తొమ్మిదైనా ఒకటే, వందైనా ఒకటే.

అయితే తమిళనాడు పథకాన్ని కూడా కళ్లు మూసుకుని పొగడక్కర్లేదు. ఆసుపత్రిలో చేరమంటే రోజు కూలి పోతుంది. ఇంట్లో పిల్లలకు ఎవరు వండుతారు? చేరడానికి ఒప్పుకోనివాళ్లు ఎవరు, ఏ వాడవాళ్లు, ఆడవాళ్లెంతమంది? కులం, పని, కూలి అడగని పరిశోధన సగం పరిశోధనే. తిండి సంగతీ అంతే. జార్ఖండ్‌లో రోగుల ఇంటివారికి నెలనెలా తిండి సరుకులిచ్చి చూసిన పరిశోధన ఫలితం 2023లో వచ్చింది. ఆ కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మన దేశంలో రోగికి నెలకు 500 రూపాయలుగా ఇచ్చిన పోషణ సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. అది రోగికి మాత్రమే. అదే కుండలోది పంచుకు తినే మిగతావాళ్ల సంగతేమిటి?

యువతీ యువకులారా, మీలో నర్సింగ్ చదివినవారున్నారు, కంప్యూటర్ తెలిసినవారున్నారు. మీ మండలం పీహెచ్‌సీకి వెళ్లి మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. పోయిన ఏడాది ఎంతమందికి క్షయ తేలింది? వారిలో ఎంతమంది చనిపోయారు? తొలి రెండు నెలల్లో ఎంతమంది? రోగం తేలిన రోజున బరువు, ఊపిరి చూశారా? పేర్లు అడగొద్దు, అంకెలే అడగండి. రోగి పరువు కాపాడటం మన బాధ్యత. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. జవాబు వస్తే దాన్ని గ్రామసభలో పెట్టండి.

పాస్టర్లకు, పెద్దలకు ఒక మాట. ఒకప్పుడు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి క్షయ శానిటోరియం కట్టాయి. అక్కడ వైద్యంతో పాటు పరిశోధన కూడా జరిగింది. ఆ వారసత్వం మనదని వార్షికోత్సవాల్లో చెప్పుకుంటే సరిపోదు. సౌండు బాక్సులకు పెట్టే ఖర్చులో కొంత తీసి తూకం యంత్రాలు కొనండి, రోగి ఇంటికి పప్పు, గుడ్లు పంపండి. సమాధి కార్యక్రమంలో ఓదార్పు వాక్యం చదివే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ మనిషి ఎందుకు చనిపోయాడు? ఆ ప్రశ్న స్మశానంలో ఆగిపోకూడదు. కలెక్టరు బల్ల మీదికి చేరాలి.