స్తోత్రములోని 'స' చెవికి గుచ్చుకొనకుండా



ఈ నెల ఒక యౌవన సహోదరుని ప్రశ్నకు జవాబు చెప్పాలి. "అయ్యగారూ, మా ఇంట్లోనే పాటలు రికార్డు చేసి, గుడికి రాలేని వృద్ధులకు ఫోనులో పంపిస్తున్నాము. 'స', 'శ' వచ్చినప్పుడల్లా ఈల వేసినట్లు చెవికి గుచ్చుకొంటోంది. ట్రెబుల్ తగ్గిస్తే దుప్పటి కప్పుకొని పాడినట్లుంది" అని వ్రాశాడు.

మన పాటలకు ఈ బాధ మరీ ఎక్కువ. స్తోత్రము, సిలువ, యేసు, శ్రమలు, సంతోషము... ఏ చరణము తీసినా శ, ష, స లే. వ్యాకరణములో వీటిని ఊష్మములంటారు. 'స' పలికేటప్పుడు గాలి పళ్ళ సందున దూసుకొని వస్తుంది. ఆ శబ్దపు బలము ఎక్కువగా 5,000 నుండి 8,000 హెర్ట్జ్ ప్రాంతములోను, ఆ పైనను ఉంటుంది. తక్కువ ధరకు దొరికే కండెన్సర్ మైకులు చాలా వరకు సరిగ్గా అక్కడే ధ్వనిని పెంచి చూపిస్తాయి. కొనేటప్పుడు "ఎంత స్పష్టముగా ఉందో" అనిపించేది అదే, తరువాత గుచ్చేదీ అదే.

అలాగని ట్రెబుల్ అంతా కోసివేయకూడదు. వయసు మీదపడినప్పుడు చెవి మొదట పోగొట్టుకొనేది ఈ పై ధ్వనులనే. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. పై ధ్వని పోయిన 'స' ఒకసారి 'ష' లాగా, ఒకసారి 'ఫ' లాగా వినిపిస్తుంది. పాత టెలిఫోను సుమారు 3,400 హెర్ట్జ్ వరకే మోసుకొచ్చేది, అందుకే పేరులో అక్షరము రెండుసార్లు చెప్పవలసి వచ్చేది. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో 'ష' పలుకలేక 'స' అన్నందుకు ఎఫ్రాయిమీయులకు ఏమి జరిగిందో మీకు తెలుసు. మంచము మీదనున్న అవ్వకు మన పాటలో మాట తెలియకపోతే, 1 కొరింథీయులకు 14లో పౌలు పిల్లనగ్రోవిని, వీణను, బూరను చూపి చెప్పిన లోపమే మన పాటలోనూ ఉన్నట్లు. కాబట్టి తగ్గించవలసింది గొంతును కాదు, ఆ 'స' పలికే క్షణమును మాత్రమే.

తమ్ముడూ, కంప్యూటరు దగ్గరకు పోకముందే సగము పని అయిపోవాలి. మైకును నోటికి ఆనించి పాడకండి. ఒక జానెడు దూరముంచండి. తరువాత మైకు ముఖమును నోటికి సూటిగా కాక, గడియారములో ఒక గంట అంకె మేర ప్రక్కకు త్రిప్పండి. ఇంతమాత్రముతోనే పదును చాలా తగ్గుతుంది. మైకు ముందు పెట్టే వల తెర 'ప', 'భ' ల ఊపిరి దెబ్బను ఆపుతుందే గాని, 'స' ను పెద్దగా ఆపదు.

గది సంగతి. సిమెంటు గోడలు, పైన రేకులు ఉన్నచోట చప్పట్లు కొట్టి చూడండి. గణగణమని తిరిగి వస్తే మీ 'స' కూడా అలాగే తిరిగి వచ్చి మైకులో పడుతుంది. మైకు పాడేవారి వైపు చూస్తుంది గనుక, పాడేవారి వెనుక గోడకు రెండు మందపాటి బొంతలు వ్రేలాడదీయండి. ప్రక్కన ఇంకొకటి ఉంటే మరీ మేలు. ఫ్యాను ఆపక తప్పదు. తెల్లవారుజామున పాడదామంటే కోడి ఊరుకోదు, రాత్రి భోజనములైన తరువాతే నయము.

శబ్దపు ముల్లు ఎంత పెద్దగా పాడినా సున్నాకు ఆరు డెసిబెల్స్ క్రిందనే ఆగేలా ఉంచుకోండి. సున్నా దాటి చీలిన శబ్దమును తరువాత ఎవరూ బాగుచేయలేరు.

ఇక మిగిలిన పదునుకు 'డీ-ఎస్సర్' అనే సాధనము ఉంది. అది 'స' వచ్చినప్పుడు మాత్రమే ఆ ప్రాంతమును తగ్గించి, వెంటనే వదిలేస్తుంది. 6,000 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి మూడు, నాలుగు డెసిబెల్స్ తగ్గించి చూడండి. ఆడవారి గొంతుకైతే ఇంకొంచెము పైకి వెళ్ళవలసి రావచ్చు. మరీ ఎక్కువ చేస్తే పాడే ఆమెకు నాలుక మందమైనట్లుంటుంది. ఆ సాధనము లేకపోతే, తెర మీద ఒక్కొక్క 'స' ను వెదకి చేతితో తగ్గించవచ్చు. ఓపిక కావాలి గాని, నా మట్టుకు ఇదే అన్నిటికంటె మంచి పద్ధతి.

మనవాళ్ళకు ఎకో అంటే ప్రాణము. ఎకో పెట్టగానే ప్రతి 'స' వెనుక ఇంకో పది 'స' లు వస్తాయి. ఎకోను పూర్తిగా మానమని చెప్పను, చెప్పినా వినరు. ఎకోలోకి వెళ్ళే శబ్దములో మాత్రము 5,000 హెర్ట్జ్ పైభాగమును కోసివేయండి. అసలు గొంతు చెక్కుచెదరదు, వెనుక చిందులు ఆగిపోతాయి. కంప్రెసర్ గట్టిగా బిగించినా 'స' పైకి తేలుతుంది, చూసుకోండి.

అంతా అయ్యాక ఇయర్‌ఫోనులో ఒకసారి, మామూలు ఫోనులో ఒకసారి వినండి. తరువాత ఆ పాట తెలియని ఒక పెద్దామెకు వినిపించి, ఒక్కొక్క చరణములో ఏ మాటలు వినబడ్డాయో చెప్పమనండి. ఆమె తడబడిన చోట, తగ్గించిన దానిలో కొంచెము తిరిగి ఇవ్వండి.