అంత చిన్న దీవికి మన ఎంపీ ఎందుకెళ్లినట్టు?

మా సంతోష్‌నగర్‌లో చాలామందికి బహ్రెయిన్ అంటే దేశం కాదు, వీసా. ఒకింటి అన్న అక్కడ డ్రైవర్, ఇంకో ఇంటి బాబాయ్ ఏసీ మెకానిక్. అందుకే 2025 మే నెలలో మన హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అక్కడికి వెళ్లారని ఫోన్లో చూసి మా బ్యాచ్‌లో ఒకడు వెంటనే అడిగాడు: "అంత చిన్న దీవికి ఇంతమంది లీడర్లెందుకురా?"

అడగాల్సిన ప్రశ్నే. బహ్రెయిన్ మొత్తం సుమారు 780 చదరపు కిలోమీటర్లు. మొన్నటిదాకా ఉన్న మన జీహెచ్‌ఎంసీయే 650.

ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపారు, మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ తర్వాత మన వాదన చెప్పడానికి కేంద్రం ఏడు అఖిలపక్ష బృందాలను విదేశాలకు పంపింది. పురందేశ్వరి యూరప్ వైపు, హరీష్ బాలయోగి అమెరికా వైపు వెళ్లారు. బీజేపీ ఎంపీ బైజయంత్ పండా బృందంలో ఒవైసీ ఉన్నారు. వాళ్ల మొదటి స్టాప్ బహ్రెయిన్.

ఎందుకో తెలియాలంటే మ్యాప్ జూమ్ చేయండి. గల్ఫ్ నీళ్ల మధ్యలో ఆ దీవి. అమెరికా ఐదో నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ అక్కడే. సౌదీకి సుమారు 25 కిలోమీటర్ల వంతెన ఉంది. ఉగ్రవాదులకు అందే డబ్బుపై నిఘా పెట్టే ఎఫ్‌ఏటీఎఫ్ తరహా అరబ్ ప్రాంతీయ సంస్థ ఆఫీసు కూడా మనామాలోనే. పాకిస్తాన్‌ని మళ్లీ గ్రే లిస్టులో పెట్టడానికి సాయం చేయమని ఒవైసీ అక్కడ అడగడం ఊరికే కాదు. ఆ దేశం 2018 నుంచి 2022 దాకా ఆ లిస్టులోనే ఉంది.

అసలు లెక్క ఇంకోటి. జూన్ 3న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఐదు కొత్త దేశాలు ఎన్నికయ్యాయి: బహ్రెయిన్, కొలంబియా, కాంగో, లాత్వియా, లైబీరియా. మన బృందాలు తిరిగిన దేశాల లిస్టు తీసి చూడండి, ఐదూ ఉంటాయి! పాకిస్తాన్ అప్పటికే ఆ మండలిలో సభ్యదేశం మరి.

ఒవైసీని పంపడం తెలివైన పనే అని నా అభిప్రాయం. ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లు మీద లోక్‌సభలో ప్రభుత్వాన్ని ఉతికేసిన మనిషి, మేలో బీజేపీ ఎంపీల పక్కన కూర్చుని దేశం తరఫున మాట్లాడారు. ఇక్కడ గట్టిగా కొట్లాడతారు కాబట్టే అక్కడ ఆయన మాటకు బరువు. ప్రతిదానికీ తలూపే ఎంపీ చెబితే అరబ్ దేశాల్లో అంత చెవిన పెట్టేవాళ్లు కాదేమో.

నాకున్న కంప్లైంట్ ఒక్కటే. మా ఆఫీసులో ఎవరైనా క్లయింట్ దగ్గరికెళ్లి వస్తే ట్రిప్ రిపోర్ట్ రాయాల్సిందే: ఎవరిని కలిశాం, ఏం అడిగాం, వాళ్లేమన్నారు. బృందాలు జూన్ 10న ప్రధానిని కలిశాయి. మరి ఓటర్ల సంగతి? నా ఫోన్‌కి వచ్చినవి క్లిప్పులే. బహ్రెయిన్‌లో మూడు లక్షలకు పైగా భారతీయులున్నారు. వాళ్ల ఇళ్లున్న గల్లీల్లోనూ ఎంపీలు ఒక సాయంత్రం కూర్చుని ఆ రిపోర్ట్ చెప్పొచ్చుగా.

బహ్రెయిన్ ఆ కుర్చీలో 2027 చివరిదాకా ఉంటుంది. ఉగ్రవాదం మీద తీర్మానం వచ్చిన రోజు ఆ దీవి చెయ్యి ఎటు లేస్తుందో నేనైతే చూస్తా.