గట్టు రెండడుగులు.. గురి పదడుగులు!

దారి పొడవు 228 కిలోమీటర్లు. బరిలో 15 బండ్లు. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. గెలిస్తే పది లక్షల డాలర్లు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2004 మార్చి 13న మొజావె ఎడారిలో పెట్టిన పందెం ఇది. కొన్ని గంటల్లోనే ముగిసిపోయింది. ఎవరో గెలిచి కాదు... ఒక్క బండీ గమ్యం చేరక! అన్నిటికంటే ముందున్న ‘శాండ్‌స్టార్మ్’ 12 కిలోమీటర్లయినా దాటకుండానే ఓ మలుపులో కట్ట మీదికెక్కి ఇరుక్కుపోయింది. చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగి రబ్బరు కాలింది. బర్క్‌లీ విద్యార్థులు తయారుచేసిన మోటారుసైకిలైతే బయల్దేరిన చోటే పడిపోయింది. అది పడకుండా నిలబెట్టే మీట నొక్కడం మరిచిపోయారు మరి.

ఆ పడిపోయిన మోటారుసైకిల్ తర్వాత అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. ఎందుకంటే ఆ ఓటమే ఓ పెద్ద కథకు మొదలు. 2005 అక్టోబరు 8న మళ్లీ పందెం పెట్టారు. ఈసారి దారి 212 కిలోమీటర్లు, బరిలో 23 బండ్లు. ఐదు చివరిదాకా వెళ్లాయి. స్టాన్‌ఫర్డ్ వాళ్ల ‘స్టాన్లీ’ 6 గంటల 54 నిమిషాల్లో చేరి 20 లక్షల డాలర్లు గెలిచింది. మొదటిసారి అందరూ చతికిలబడ్డ ఆ 12 కిలోమీటర్ల హద్దును ఒక్కటి తప్ప అన్నీ దాటేశాయి. ఏడాదిన్నరలో ఇంత తేడా!

అసలు ముచ్చట నాలుగో స్థానానిది. అది లూసియానాలోని ఓ బీమా కంపెనీ వాళ్ల బండి. రోబోలతో వాళ్లకు అంతకుముందు సంబంధమే లేదు. మొదటి పందెం సంగతి పత్రికలో చదివి ‘మనమూ చేద్దాం’ అని దిగారు. పందేనికి కొద్ది వారాల ముందు కత్రినా తుపాను వాళ్ల ఊరిని ముంచెత్తింది. అయినా బండి ఏడున్నర గంటల్లో గమ్యం చేరింది. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల సరసన నిలిచింది.

కాటూరు నుంచి పిట్స్‌బర్గ్ దాకా

ఆ పందెంలో రెండు, మూడు స్థానాలు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానివి. అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌ను 1979లో మొదలుపెట్టి, తొలి డైరెక్టరుగా నడిపించింది మన తెలుగువారే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదని చెప్పుకొనే ట్యూరింగ్ అవార్డు ఆయనకు 1994లో వచ్చింది. పల్లెటూరి పిల్లల కోసం 2008లో ఏర్పాటైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి కూడా ఆయనే. దాని నూజివీడు ప్రాంగణం ఇప్పుడు ఏలూరు జిల్లాలోనే ఉంది.

ఇక తణుకు సంగతి. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ తర్వాత్తర్వాత రసాయనాల్లోకి అడుగుపెట్టింది. ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం చేసిచ్చే స్థాయికి ఎదిగింది. చంద్రయాన్-3ని మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ మధ్య దశలో మండేది ఆ రకం ఇంధనమే. 2023 ఆగస్టు 23న ఆ నౌక చంద్రుడిపై దిగాక అందులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, చక్రాలు ఆరు. నాలుగు రోజులకే ఎదురుగా నాలుగు మీటర్ల వెడల్పున్న గుంత కనిపించింది. ఇస్రో దాన్ని వెనక్కి తిప్పి వేరే దారి పట్టించింది. రాళ్లలో, గుంతల్లో తనంతట తాను నడిచే బండి చేయాలనుకునే ఎవరికైనా అదే తొలి పాఠం: ముందుకెళ్లడం కంటే ఆగడం, వెనక్కి తిరగడం ముఖ్యం.

దమ్ము చక్రం చెప్పే రహస్యం

సరే... తణుకులో ఓ కుర్రాడు గోస్తనీ కాలవ పక్కన, వరిచేలలో తిరిగే చిన్న బండి చేద్దామనుకున్నాడే అనుకోండి. ఎక్కడ మొదలుపెట్టాలి? కంప్యూటర్ దగ్గర కాదు, చక్రం దగ్గర.

నున్నని టైరుకు నల్లమట్టి పట్టిందంటే అది చక్రం కాదు, మట్టిముద్ద. అందుకే మన రైతులు దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప పట్టీల చక్రాలు తగిలిస్తారు. మట్టి పట్టీల మధ్య నుంచి జారిపోతుంది, పట్టీ నేలను పట్టుకుంటుంది. చిన్న బండికీ అదే సూత్రం. వెడల్పాటి చక్రం, తక్కువ బరువు, నేలకూ అడుగు పలకకూ మధ్య ఎక్కువ ఎత్తు. బ్యాటరీలాంటి బరువులన్నీ వీలైనంత కింద. లేదంటే గట్టు ఎక్కేటప్పుడు బోల్తా ఖాయం.

రాళ్లూ గడ్డలూ ఉన్నచోట ఆరు చక్రాల పద్ధతి మేలు. 1997లో అంగారకుడిపై దిగిన సోజర్నర్ నుంచి ప్రజ్ఞాన్ దాకా వాడింది అదే. రెండు వైపులా కీళ్లున్న చేతులకు చక్రాలు బిగిస్తారు. ఒక చక్రం రాయి ఎక్కుతుంటే మిగతా ఐదూ నేల వదలవు. స్ప్రింగులు అక్కర్లేదు. ఇలాంటి బండిని ఇంట్లోనే చేసుకోవడానికి నాసాకు చెందిన జేపీఎల్ 2018లో నమూనా పటాలన్నీ ఉచితంగా విడుదల చేసింది. అప్పట్లో ఖర్చు సుమారు 2,500 డాలర్లు. అంత స్తోమత లేనివాళ్లకు పాత సామాన్ల కొట్టు ఉండనే ఉంది. కార్ల అద్దాలు తుడిచే వైపరు మోటార్లు మెల్లగా తిరుగుతాయి, గట్టిగా లాగుతాయి. 12 వోల్టుల బ్యాటరీ చాలు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బురదలో చక్రం బిగుసుకుంటే మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. దాంతో బండి మెదడైన చిన్న కంప్యూటరు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. చూసేవాళ్లకేమో ప్రోగ్రాం తప్పనిపిస్తుంది. రాత్రంతా దాన్నే దిద్దుతూ కూర్చుంటారు. మందు చాలా చిన్నది: మెదడుకు వేరే బ్యాటరీ.

మూడే ప్రశ్నలు

తనంతట తాను నడిచే బండి ప్రతి క్షణం మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఎక్కడున్నాను? ఎటు వెళ్లాలి? ఎదురుగా ఏముంది?

మొదటిదానికి జవాబు జీపీఎస్. మామూలు జీపీఎస్ చెప్పే చోటుకూ అసలు చోటుకూ మూడు మీటర్ల దాకా తేడా ఉండొచ్చు. అంటే పదడుగులు. చేను గట్టు వెడల్పేమో రెండడుగులు! ‘గట్టు మీదే ఉన్నాను’ అనుకుంటూనే బండి కాలవలో దిగిపోతుంది. తెలిసిన చోట ఇంకో రిసీవరు పెట్టి, దాని సాయంతో తప్పు సరిదిద్దుకునే ఆర్‌టీకే పద్ధతిలో ఈ తేడా సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది.

రెండోదానికి దిక్సూచి. దాన్ని మోటార్ల పక్కన పెడితే వాటి అయస్కాంతాల వల్ల ఉత్తరం కాస్తా ఈశాన్యమవుతుంది. కర్ర నిలబెట్టి పైన బిగించాలి.

మూడోది అన్నింటికంటే కష్టం. శబ్ద తరంగాలతో దూరం కొలిచే చవక పరికరం గోడను పట్టేస్తుంది కానీ ఏటవాలు గట్టును, మెత్తటి గడ్డిని సరిగా పోల్చుకోలేదు. కెమెరాకు నీడ కూడా గుంతలాగే కనిపిస్తుంది. కొల్లేటి ప్రాంతపు కాలవల్లో అల్లుకున్న గుర్రపుడెక్క దానికి పచ్చని మైదానం! మనిషికి తెలిసిన తేడా యంత్రానికి ఒక్కొక్కటిగా నేర్పాలి. అన్నట్టు, కొల్లేరు అభయారణ్యం, ఆటపాక గూడబాతుల తావు ఈ సరదాలకు చోటు కాదు. పక్షులను బెదరగొట్టే ప్రయోగం ఎంత గొప్పదైనా వద్దు.

ఇంకొక్కటి మరవకూడదు. మనిషి లేని బండికి మనిషి చేతిలో తాళం ఉండాలి. నొక్కగానే మోటార్లకు కరెంటు తెగిపోయే ఎర్ర మీట బండి మీద ఒకటి, దూరం నుంచి ఆపే రిమోట్ మరొకటి. డార్పా పందెంలోనూ ఇది లేని బండిని బరిలోకి రానివ్వలేదు. వీధిలో ఆడుకునే పిల్లవాడిని బండి గుర్తుపట్టకపోవచ్చు. యజమాని వేలు గుర్తుపట్టాలి.

ఎందుకింత శ్రమ?

ఇది పిల్లల ఆట అనుకుంటే పొరపాటే. పురుగుమందు చల్లే మనిషి ఆ మందునే పీలుస్తాడు. మోటారు వేయడానికి అర్ధరాత్రి గట్ల వెంట వెళ్లే రైతు పాము మీద కాలేస్తాడు. ఆ గట్టు మీద మనిషికి బదులు నడవగల బండి వస్తే ఒక ఇంటికి దీపం నిలుస్తుంది. అలాంటి బండ్లకు పరీక్షలు పెట్టేందుకే హైదరాబాద్ ఐఐటీలో ‘తిహాన్’ అనే ప్రత్యేక ప్రాంగణం ఏర్పాటైంది. అది 2022లో మొదలైంది. కానీ తణుకు బురదకు సరిపడే బండిని తణుకు బురదలోనే పరీక్షించాలి.

అందుకు కూరుకుపోవడానికి సిద్ధపడాలి. అంగారకుడిపై 90 రోజుల పనికని వెళ్లిన ‘స్పిరిట్’ ఐదేళ్లకు పైగా తిరిగి, 2009 మే నెలలో మెత్తటి ఇసుకలో దిగబడింది. నాసా నిపుణులు నెలల తరబడి ప్రయత్నించినా బయటికి రాలేదు. 2010 మార్చి 22 తర్వాత దాని మాట వినిపించలేదు. దాన్ని లాగడానికి అక్కడ ఎవరూ లేరు.

తణుకు కుర్రాడికి ఆ బెంగ లేదు. బండి దిగబడితే లుంగీ ఎగ్గట్టి చేలోకి దిగొచ్చు. ఏ చక్రం ఎంత లోతుకు దిగిందో చేత్తో తడిమి చూడొచ్చు. మర్నాటికి ఆ పట్టీని ఇంకో అంగుళం వెడల్పు చేయొచ్చు.